అత్తయ్య పరీక్ష తప్పిన రోజు నుంచి, స్పానిష్‌లో మళ్లీ చేయించేదాకా: నా అనుభవం

2024 జూలై 16, మంగళవారం. అత్తయ్యకి ఏటా జరిగే మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) చెకప్. మావారికి షిఫ్ట్ ఉంది, నాకు పదిన్నరకి మీటింగ్ ఉంది. బడికి సెలవులే కదా అని పన్నెండేళ్ల మా అబ్బాయిని ఆవిడతో లోపలికి పంపి, నేను కార్లో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాను. అరగంటకి వాడు బయటికొచ్చి, "అమ్మా, అబుయెల టెస్ట్ ఫెయిలయ్యింది. నేను సరిగ్గా చెప్పలేదేమో" అన్నాడు. అబుయెల అంటే స్పానిష్‌లో బామ్మ. ఆ ముఖం ఇంకా నా కళ్లముందే ఉంది.

జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 13 వచ్చాయి.

మా అత్తయ్య మెక్సికో ఆవిడ. శాన్ లూయిస్ పొతొసీలో ఒక పల్లె. నాది గుంటూరు. ఇద్దరం ఇప్పుడు ఉంటున్నది ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్ దగ్గర. ఇక్కడ ఐటీ ఉద్యోగాల కోసం వచ్చిన మన తెలుగువాళ్లు చాలామంది. పక్క ఊరు స్ప్రింగ్‌డేల్‌లో కోళ్ల ఫ్యాక్టరీల కోసం వచ్చిన మెక్సికన్లు అంతకంటే ఎక్కువ. అలా ఒకే ఇంట్లో పడ్డాం. ఆవిడకి 74 ఏళ్లు. 21 ఏళ్లు కోళ్ల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేశారు. నన్ను "మిహా" అంటారు, అంటే మన "అమ్మాయ్" లాంటిది. నేను ఆవిడని ముఖాన "మమా" అంటాను. మా అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడే "అత్తయ్య".

ఆ ఏడాది మొదట్నుంచీ ఆవిడలో మార్పు కనిపించింది. చెప్పిందే చెప్పడం, పొయ్యి మీద ఫ్రిహోలెస్, అంటే మన రాజ్మాలాంటి గింజలు, మాడబెట్టడం. ఆ సంగతి డాక్టరుతో చెప్పమని నేనే అబ్బాయికి చెప్పి పంపాను. కాబట్టి జరిగినదంతా క్లినిక్ తప్పే అని నేను అనను.

లోపల ఏం జరిగిందో రెండు మూడు రోజుల్లో వాడి దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా రాబట్టాను. నర్సు "ఇంగ్లీష్ వచ్చా?" అని అడిగితే అత్తయ్య "యెస్, యెస్" అన్నారట. ఎందుకు అనరు? ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఆ "యెస్"తోనే నెట్టుకొచ్చారు. నర్సు జ్ఞాపకశక్తిని, ఆలోచనని చూసే మోకా అనే పరీక్ష ఇంగ్లీష్ కాగితం తీసింది. అత్తయ్య ఆగిపోయిన చోటల్లా మావాడు తనకొచ్చిన స్పానిష్‌లో చెప్పాడు. వాడి స్పానిష్ బామ్మ వంటింట్లో నేర్చుకున్నది. "అన్నం పెట్టనా, చెప్పులేసుకో" దాకా ఢోకా లేదు. "ఈ రెండింటికీ పోలిక ఏమిటి" అనే ప్రశ్న దగ్గర వాడికే అర్థం కాలేదు.

ఈరోజు తేదీ ఎంత అని అడిగితే అత్తయ్య "ఈరోజు విర్హెన్ దెల్ కార్మెన్" అన్నారట. ఏదో చర్చి సంగతి మాట్లాడుతోందనుకుని మావాడు దాన్ని అనువాదమే చేయలేదు. నర్సు సున్నా వేసింది. నాకూ వెంటనే వెలగలేదు. రాత్రి మావారు చెప్పారు: కార్మెన్ మాత పండుగ ఏటా జూలై 16నే. అంటే ఆవిడ తేదీ చెప్పారు, కాకపోతే క్యాలెండర్ వేరు. ఆ మర్నాడే తొలి ఏకాదశి. అదే ప్రశ్న మా అమ్మమ్మని అడిగి ఉంటే "రేపు తొలి ఏకాదశి కదే" అనేది. ఆవిడకీ సున్నానే వచ్చేది.

ఇంకొకటి. ఆ పరీక్షలో 26, ఆపైన వస్తే మామూలుగా ఉన్నట్టు లెక్క. చదువు పన్నెండేళ్లు లేదా అంతకన్నా తక్కువైతే ఒక్క మార్కు కలుపుతారు. మా అత్తయ్య బడికి వెళ్లింది మూడేళ్లు. ఆవిడకీ ఒక్కటే, హైస్కూలు పాసైన వాళ్లకీ ఒక్కటే. ఘనం బొమ్మ చూసి గియ్యమంటే, పెన్సిల్ పట్టుకుని బొమ్మ గీయడమే జీవితంలో మొదటిసారి అన్నారట అత్తయ్య. మావాడు అది కూడా అనువదించలేదు.

డాక్టరు ఏడెనిమిది నిమిషాల్లో "డిమెన్షియా (మతిమరుపు జబ్బు), మధ్యస్థ దశ కావచ్చు" అని న్యూరాలజిస్టుకి రాసిచ్చింది, కారు నడపనివ్వద్దంది. ఆ సాయంత్రమే మావారు తాళాలు తీసుకున్నారు. ఆవిడ ఒక్క మాట అనలేదు. తాళాలగుత్తికున్న చిన్న మాత బొమ్మని మాత్రం ఊడదీసి చేతిలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆదివారం చర్చికి, బుధవారం స్నేహితురాలింటికి ఆవిడంతట ఆవిడ వెళ్లడం అలా ఆగిపోయింది. ఆ రెండు నెలల్లో నిజంగానే మందగించిపోయారు. పరీక్ష వల్లనా, జబ్బు వల్లనా అంటే ఇప్పటికీ నేను చెప్పలేను.

న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్‌కి 11 వారాలు పట్టింది. అక్టోబరు 3. ఈసారి నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. అక్కడ ఫోన్ ఇంటర్‌ప్రెటర్ ఉన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. కానీ అదో గందరగోళం. స్పీకర్‌ఫోన్ బల్లకి ఆ చివర ఉంది, అత్తయ్యకి వినపడదు. గుర్తుపెట్టుకోవలసిన పదాలను అతను మంచి మనసుతో రెండేసి సార్లు చెప్పాడు. ఒక్కసారే చెప్పాలన్నది నియమం. అతని స్పానిష్ వేరే దేశానిదిలా ఉంది. గాలిపటాన్ని "కొమెతా" అన్నాడు. మా ఇంట్లో అది "పపలోతే". గుడ్లగూబ బొమ్మ చూసి అత్తయ్య "తెకొలోతే" అన్నారు. మెక్సికోలో మామూలుగా వాడే మాట అది. అసిస్టెంట్ దగ్గరున్న జవాబు "బూహో". ఆమె ఒక్క క్షణం ఆగి తప్పు పెట్టింది. నేను అడ్డుపడితే "దయచేసి మధ్యలో మాట్లాడకండి" అంది. నియమం ప్రకారం ఆమె మాట సరైనదే.

పరీక్షలో వచ్చేవి బయట రాయకూడదని తర్వాత తెలుసుకున్నాను, అందుకే ఇంతకంటే పదాలేవీ ఇక్కడ రాయడం లేదు. ఇంకొక్క బొమ్మ గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ప్రెట్జెల్ బొమ్మ, అంటే ముడి వేసినట్టుండే ఒక రకం బ్రెడ్. అత్తయ్య చాలాసేపు చూసి "పాము" అన్నారు. నన్నడిగితే జంతిక అనేదాన్ని.

ఆ రోజు మంచి కూడా జరిగింది. న్యూరాలజిస్టు రక్తపరీక్షలు, ఎమ్మారై రాశారు. బీ12 బాగా తక్కువని తేలింది. తొమ్మిదేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు, దానివల్ల బీ12 తగ్గుతుందట. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎమ్మారైలో వయసుకి తగ్గ మార్పులే ఉన్నాయన్నారు. దాంతోపాటే మతిమరుపుకిచ్చే డొనెపెజిల్ 5 మిల్లీగ్రాములు రాత్రిపూట వేయమని, నెల తర్వాత 10కి పెంచారు. 10 వేసుకున్న వారం నుంచి వికారం, భయంకరమైన కలలు. అర్ధరాత్రి లేచి, చనిపోయిన తన చెల్లెలితో మాట్లాడేవారు. మావారు వెంటనే "చూశావా, ముదిరింది" అన్నారు. అది ఆ మందుకి తెలిసిన దుష్ప్రభావమేనని మందుల షాపులో అమ్మాయి చెప్పింది.

అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. కావలసింది న్యూరోసైకాలజిస్టు, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన లాంటివాటిని వివరంగా పరీక్షించే నిపుణులు, అదీ పరీక్షంతా తనే స్పానిష్‌లో చేసే మనిషి. అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు 6 దాకా 14 చోట్లకి ఫోన్ చేశాను. ఎక్కువమంది "ఇంటర్‌ప్రెటర్‌ని పెడతాం" అన్నారు. ఇద్దరు నిజాయితీగా "మేం చేస్తే ఆ ఫలితాన్ని మేమే నమ్మం" అన్నారు. ఒకచోట మెడికేర్ తీసుకోరు, చేతి డబ్బు 3,200 డాలర్లు. చివరికి డాలస్‌లో ఒకావిడ దొరికారు. పుట్టింది మెక్సికోలో, చదువు అక్కడా ఇక్కడా. మొదటి ఖాళీ 2025 మే 8. ఆరు నెలలు. రద్దయిన అపాయింట్‌మెంట్ల లిస్టులో పేరు రాయించి ప్రతి సోమవారం ఫోన్ చేశాను. ఒక్కసారి కూడా రాలేదు.

ఫోన్ చేసేటప్పుడు మీకు పనికొచ్చే ప్రశ్న ఒకటి చెబుతాను. "స్పానిష్ మాట్లాడేవారు ఉన్నారా" అని అడిగితే అందరూ ఉన్నారనే అంటారు, రిసెప్షన్‌లో ఒకరుంటారు. "పరీక్ష చేసేది ఎవరు, ఏ భాషలో, మార్కుల్ని ఎవరితో పోలుస్తారు, ఆ పోల్చేవాళ్లలో మూడేళ్లు చదివినవాళ్లు ఉన్నారా" అని అడగాలి. ఈ నాలుగో మాట దగ్గర సగంమంది ఫోన్ ఇంకొకరికి ఇచ్చేవాళ్లు. ఆ ఫోన్లలోనే ఒకామె చెప్పింది, ఆసుపత్రి వాళ్లు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, అత్యవసరమైతే తప్ప పిల్లల చేత అనువాదం చేయించకూడదు అని ఇక్కడి ఆరోగ్య చట్టం అఫర్డబుల్ కేర్ యాక్ట్ 1557వ సెక్షన్ కింది నిబంధనల్లో ఉందట. వాడిని లోపలికి పంపింది నేనే కదా. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఈ ఆరు నెలల్లో నేనొక పొరపాటు చేశాను. అత్తయ్యకి ఏమీ లేదని, తప్పంతా ఆ పరీక్షదేనని నిర్ణయించేసుకున్నాను. మా అమ్మతో, ఆఫీసులో వాళ్లతో అదే వాదన. డిసెంబరులో క్రిస్మస్‌కి తమాలెస్, అంటే మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి, చేసే రోజు వచ్చింది. ఏటా రెండు వందలకి పైగా చేస్తారు. మేమంతా ఆకులు తుడిచి, నింపి, చుట్టడం, పిండి మాత్రం ఆవిడదే. ఆ రోజు పిండి కలిపి పక్కన పెట్టి, పది నిమిషాల తర్వాత మళ్లీ మొదట్నుంచి కలపడం మొదలుపెట్టారు. మొదటి గిన్నె చూపిస్తే "ఇది ఎవరు చేశారు?" అన్నారు. నేను నవ్వేసి "మన పిండి చాలదులే మమా, మంచిదే" అన్నాను. ఎవరికీ చెప్పలేదు. మావారికి కూడా.

మే 7న బయల్దేరాం. ఓక్లహామా మీదుగా ఐదున్నర గంటల ప్రయాణం. ఫ్రిస్కోలో నా స్నేహితురాలింట్లో దిగాం. వాళ్లమ్మ పులిహోర చేశారు. అత్తయ్య "తమరిందో!" అంటూ రెండోసారి పెట్టించుకున్నారు. ఆ పెద్దాళ్లిద్దరికీ ఒక్క భాష కూడా ఉమ్మడిగా లేదు, ఎండుమిరపకాయల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. మా గొడవంతా విని స్నేహితురాలు "మా నాన్నకి హైదరాబాదులో తెలుగులోనే చేశారే" అంది. నిజమే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేయించిన పరీక్షల్లో మొదటి ఐదు భాషల్లో తెలుగు ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో చూపించుకున్న 648 మంది డిమెన్షియా రోగుల మీద 2013లో వచ్చిన అధ్యయనం కూడా ఆమే ఫోన్లో చూపించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, బడికి వెళ్లనివాళ్లలో కూడా. అత్తయ్య ఫ్యాక్టరీ ఇంగ్లీషుని రెండో భాషగా లెక్కేస్తారా అని ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఇక్కడ మన అమ్మానాన్నలకి అవసరం పడితే ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నదానికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

మే 8, ఉదయం తొమ్మిదిన్నర. తెచ్చుకోమన్నవి: కళ్లద్దాలు, వేసుకునే మందులన్నీ, తినడానికి ఏదైనా, పాత రిపోర్టులు. ముందే ప్రాక్టీసు చేయించవద్దని ఉత్తరంలో రాశారు. మావారు అప్పటికే వారం నుంచి తేదీ, నెల అడుగుతూ ఆవిడని విసిగించేశారు.

మొదటి గంటన్నర మాటలే. ఇంతకు ముందు ఎవరూ అడగని ప్రశ్నలు. బడి ఎంత దూరం? రోజుకి ఎన్ని గంటలు? పంతులు రోజూ వచ్చేవాడా? ఎందుకు మానేశారు? ప్రార్థన ఏ భాషలో చేస్తారు, డబ్బు ఏ భాషలో లెక్కపెడతారు, కోపం వస్తే ఏ భాషలో తిడతారు? బడి మానేసిన సంగతి చెబుతూ అత్తయ్య గొంతు మారిపోయింది. తమ్ముడు పుట్టాక ఎత్తుకోవడానికి మనిషి లేక ఆపేశారట, తొమ్మిదేళ్లప్పుడు. చదవడం తర్వాత చర్చిలో పాటల పుస్తకం చూసి నేర్చుకున్నారట. మావారికి 43 ఏళ్లు. ఆ కథ ఆయన వినడం అదే మొదటిసారి.

మమ్మల్ని అడిగినవి కూడా వేరుగా ఉన్నాయి. పాత క్లినిక్‌లో "బ్యాంకు పనులు చేసుకోగలరా" అన్నదానికి "లేదు" అని రాసి తగ్గించేశారు. ఆవిడ బ్యాంకు మెట్లెక్కిందే లేదు, అదంతా మామయ్య చూసుకునేవారు. ఇక్కడ "ఆవిడ ఎప్పుడూ చేసే పని ఏది, అందులో తేడా వచ్చిందా" అని అడిగారు. నేను తమాలెస్ పిండి సంగతి చెప్పాను. మావారు నావైపు తిరిగి చూశారు.

తర్వాత మమ్మల్ని బయటికి పంపేశారు. ఇంట్లోవాళ్లెవరూ గదిలో ఉండకూడదు. మధ్యలో రెండు విరామాలతో మూడు గంటలకి పైగా పట్టింది. మొదటి విరామంలోనే ఒక సంగతి బయటపడింది. డాక్టరు ముందుగా చెవుల దగ్గర పెట్టుకునే చిన్న ఆంప్లిఫయర్ ఇచ్చి మొదలుపెట్టారట. అత్తయ్యకి కుడిచెవి బాగా మందం. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ మోతలో ఉన్న మనిషికి చెవి పరీక్ష చేయించాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. రెండో విరామంలో అత్తయ్య అలిసిపోయి ఉన్నా హుషారుగా ఉన్నారు. "జంతువుల పేర్లు చెప్పమంది మిహా. మా ఊళ్లోవన్నీ చెప్పేశాను. గంట కొట్టకపోతే ఇంకా చెప్పేదాన్ని" అన్నారు.

ఫలితం మే 29న, వీడియోలో, స్పానిష్‌లో, ముందు అత్తయ్యతో, తర్వాత మాతో. నాకర్థమైనంత చెబుతాను. ముఖ్యంగా వాడింది న్యూరోప్సి అనే పరీక్ష. మెక్సికోలో తయారైంది, 1999లో వచ్చింది. అందులో మార్కుల్ని వయసుతోపాటు చదువు ప్రకారం కూడా పోలుస్తారు: అసలు చదవనివాళ్లు, ఒకటి నుంచి నాలుగేళ్లు, ఐదు నుంచి తొమ్మిది, పది ఆపైన. అత్తయ్యని రెండో గుంపుతో పోల్చారు. అంకెలు విని తిరిగి చెప్పే దాంట్లో కూడా భాష అడ్డొస్తుందని అప్పుడే తెలిసింది. స్పానిష్ అంకెలు పలకడానికి పొడుగు, "సియెతె, ఒచో, నువేవె". ఎక్కువగా ఒక్కో పలుకుతో ముగిసే ఇంగ్లీష్ అంకెల కొలతతో చూస్తే తక్కువ గుర్తున్నట్టు కనిపిస్తుంది. ఎనిమిది, తొమ్మిది అని మనసులో అనుకుని చూడండి.

భాష, ఏకాగ్రత, ఆలోచించి చెప్పడం, అన్నీ ఆవిడ చదువుకీ వయసుకీ తగ్గట్టే ఉన్నాయి. డిమెన్షియా కాదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే డాక్టరు ఇంకో మాట అన్నారు. విన్నది ఇరవై నిమిషాల తర్వాత గుర్తుచేసుకోవడం మాత్రం మూడేళ్లు చదివినవాళ్లతో పోల్చినా తక్కువే ఉంది. సూచన ఇచ్చినా రాలేదు. దీన్ని స్వల్ప జ్ఞాపకశక్తి లోపం అంటారు, కొందరిలో ఇలాగే నిలిచిపోతుంది, కొందరిలో ముదురుతుంది, 18 నెలల తర్వాత ఇదే పరీక్ష మళ్లీ చేస్తే తెలుస్తుంది అన్నారు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పారు: "నేను పోల్చినవాళ్లు మెక్సికోలో ఉన్నవాళ్లు. మీ అమ్మగారు ముప్పై ఏళ్లకి పైగా ఇక్కడున్నారు. ఇది కూడా అచ్చంగా ఆవిడ కొలత కాదు. దగ్గరి కొలత."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇంత దూరం వచ్చింది "ఏమీ లేదు" అని వినడానికే కదా. అత్తయ్యకి మాత్రం ఆశ్చర్యం లేదు. "నాకు తెలుసు, మరిచిపోతున్నాను. కానీ పిచ్చిదాన్ని కాదని ఆమె చెప్పింది" అన్నారు.

ఖర్చు లెక్క. పరీక్షకి మెడికేర్ ఒప్పుకున్న మొత్తం 1,380 డాలర్లు. ఆ ఏడాది డిడక్టిబుల్, అంటే బీమా ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనం కట్టుకోవలసింది, 257. అందులో మాకింకా 140 మిగిలింది. అది పోగా మిగతాదాంట్లో ఇరవై శాతం 248. మొత్తం 388 కట్టాం. పెట్రోలు, దారి తిండి 130 దాకా. నాకు అన్నీ కలిపి ఆరు రోజుల సెలవు. అసలు దెబ్బ చెవుల దగ్గర తగిలింది. వినికిడి యంత్రాలకి మామూలు మెడికేర్ డబ్బివ్వదు, జతకి 1,600 పడ్డాయి. తొమ్మిది పేజీల రిపోర్టు ఇంగ్లీష్‌లోనే వచ్చింది. స్పానిష్‌లో ఒక పేజీ రాసివ్వమని అడిగితే ఇచ్చారు. అడగకపోతే ఇవ్వరు.

జూన్‌లో న్యూరాలజిస్టు రిపోర్టంతా ఓపిగ్గా చదివి డొనెపెజిల్ 5కి తగ్గించి, తర్వాత ఆపేశారు. కలలు పోయాయి. కారు విషయంలో రోడ్డు మీద విడిగా పరీక్ష చేయించమన్నారు. దానికింకా తేదీ రాలేదు. మళ్లీ డాలస్‌కి 2026 నవంబరులో. ఇప్పుడే బుక్ చేసి పెట్టాను.

మొన్న జూలై 16న పొద్దున్నే అత్తయ్య వంటింట్లోకి వచ్చి "ఈరోజు విర్హెన్ దెల్ కార్మెన్. కొవ్వొత్తి తెచ్చావా మిహా?" అన్నారు. మావాడు ఫోన్ తీసి తేదీ చూసి, ఏమీ అనకుండా వెళ్లి ఆవిడని కావలించుకున్నాడు. ముగ్గురం కలిసి కొవ్వొత్తి వెలిగించాం. పదిన్నరకి మళ్లీ వచ్చి "కొవ్వొత్తి తెచ్చావా మిహా?" అన్నారు.

"తెచ్చాను మమా. వెలుగుతోంది, రండి చూద్దాం" అన్నాను.